షుగర్‌ను కూడా పుస్తకంల రాద్దాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో జన్వాడ గ్రామ సంఘం నాయకురాలి ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్న. డాక్టర్‌ను కాను, నర్సును కాను. మైకు పట్టుకుంటే పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి కిస్తుల గురించి మాట్లాడే అలవాటు నాది. ఈసారి షుగర్ గురించి మాట్లాడతనని నేనే అడిగి పేరు రాయించుకున్న. ఎందుకంటే నాకు షుగర్ ఉంది. రెండేండ్లు ఆ సంగతి మా సంఘంలో ఎవ్వరికీ చెప్పలేదు. దాచుడు తప్పని ఇయ్యాల మీ అందరి ముందు ఒప్పుకుంటున్న.

నా రెండో కాన్పు అప్పుడు గ్లూకోజు నీళ్లు తాగించి, రెండు గంటలకు రక్తం తీసి చూసిన్రు. షుగర్ ఉందన్నరు. కాన్పు అయినంక పోతదన్నరు. పోయింది కూడా. బిడ్డ నాలుగు కిలోలకు దగ్గర పుట్టింది. బొద్దుగ ఉందని అందరం సంబురపడ్డం. కడుపుతోని ఉన్నప్పుడు షుగర్ వచ్చినోళ్లు కాన్పు అయిన ఆరు వారాలకు మళ్లీ చూపించుకోవాలె, ఆ తర్వాత ఏటేటా చూపించుకోవాలె. అసొంటి ఆడవాళ్లకు ముందుముందు షుగర్ వచ్చే భయం మామూలు వాళ్ల కంటే ఎక్కువ. ఈ ముచ్చట నాకు తెల్వదు. ఎనిమిదేండ్లు ఒక్కసారి కూడా చూపించుకోలేదు.

తర్వాత రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది. మంట, దురద. ఎంత తిన్నా నీరసం. పనికి అలిసిపోతున్న అనుకున్న. ఒకరోజు ఆశా అక్క మిషను పట్టుకొని మా ఇంటికి వచ్చింది. ముప్పై ఏండ్లు దాటినోళ్లందరికీ బీపీ, షుగర్ చూడాలె, నీది కూడా చూస్త అన్నది. పరగడుపున 212 వచ్చింది. "అక్కా, ఎవరికి చెప్పకు" అన్న. నా నోట వచ్చిన మొదటి మాట అదే.

ఎందుకు దాచిన్న? అప్పుడు మా సంఘంలో పెద్ద లోనుకు కాగితాలు పెడుతున్నం. రోగమున్న మనిషి, కిస్తీ ఎట్ల కడతది అనుకుంటరని భయం. ఇంకోటి, మా చెల్లెకు సంబంధాలు చూస్తున్నరు. వాళ్లింట్ల షుగర్ ఉందట అంటే ఎట్ల? అందుకని నోరు మూసుకున్న.

దాచుకుంటే ఎంత ఖర్చయిందో వినండి. పీహెచ్‌సీలో షుగర్ గోలీలు ఉత్తగనే ఇస్తరు. ఆడ లైన్ల నిలబడితే ఊరోళ్లు చూస్తరని, నేను దూరం పోయి మందుల షాపుల పైసలు పెట్టి కొన్న. కొన్నాళ్లకు పిల్లల ఫీజులు, లోను కిస్తీ ఒక్కసారే వచ్చి మీద పడ్డయ్. అప్పుడు ఇంట్ల ఏ ఖర్చు ఆపిన్నంటే, నా గోలీల ఖర్చే ఆపిన. కిస్తీ ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. గోలీలు నాలుగు నెలలు మానేసిన. మధ్యల ఒకాయన పొడి అమ్మిండు. మూడు నెలలు తాగితే షుగర్ జాడ లేకుండ పోతది, ఇంగ్లీషు మందులు బంద్ పెట్టుమన్నడు. చేదుగుంటే మందు అనుకొని తాగిన. ఆఖరుకు దవాఖానల మూడు నెలల పరీక్ష చేస్తే 10.4 వచ్చింది. డాక్టరమ్మ కోపం చెయ్యలేదు. "నీకు ఎంతమంది పిల్లలు?" అని అడిగింది, అంతే. ఇంటికొచ్చి ఆ రాత్రి నిద్రపోలేదు.

అక్కా, అసలు షుగర్ అంటే ఏందో నాకు డాక్టరమ్మ చెప్పింది, నేను మన ఊరి మాటల చెప్త. చెరువు నిండ నీళ్లున్నయ్ అనుకోండి. తూము తెరిస్తేనే పొలానికి నీళ్లు పారుతయ్. తూముకు తుప్పు పట్టి తెరుచుకోకపోతే చెరువేమో నిండుగ ఉంటది, పొలమేమో ఎండుతది. మన ఒంట్ల రక్తం చెరువు అయితే, తిన్న తిండి నుంచి వచ్చిన చక్కెర నీళ్లు. తూము తెరిచేది ఇన్సులిన్. అది తక్కువైనా, ఉన్నది సరిగ్గ పని చెయ్యకపోయినా చక్కెర రక్తంలనే నిలబడిపోతది, ఒంటికి బలం అందదు. అందుకే ఎంత తిన్నా నీరసం. చెరువు మరీ నిండితే మత్తడి దుంకుతది కదా, అట్లనే ఎక్కువైన చక్కెర మూత్రంల పోతది, దాంతోపాటు నీళ్లు పోతయ్. అందుకే మాటిమాటికి మూత్రం, ఎప్పుడూ దూప. మనం గండిపేట పక్కనున్నోళ్లం. వాన ఎక్కువ పడితే గేట్లు ఎప్పుడు ఎత్తాలె, ఎంత ఎత్తాలె అని నీళ్ల మట్టం చూస్తనే ఉంటరు. 1908ల మూసీ వరద వచ్చి సిటీ మునిగినంకనే గండిపేట కట్టిన్రు. మన ఒంట్ల వరద వచ్చేదాక ఆగొద్దు. మట్టం చూసుకుంట ఉండాలె.

ఆ మట్టం లెక్కలు రాసుకోండి. పరగడుపున 100 లోపల ఉంటే మంచిది. 100 నుంచి 125 ఉంటే హెచ్చరిక. 126, ఆపైన ఉంటే షుగర్ అని అనుమానించి మళ్లీ పరీక్ష చేసి ఖాయం చేస్తరు. మూడు నెలల పరీక్ష, అంటే ఏ1సీ, 5.7 లోపల మంచిది, 6.5, ఆపైన ఉంటే షుగర్. షుగర్ ఉండి మందులు వాడేటోళ్లల్ల శానా మందికి పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపల, ఏ1సీ 7 లోపల ఉండాలని డాక్టర్లు చూస్తరు. వయసును బట్టి, వేరే రోగాలను బట్టి ఆ లెక్క మారుతది, అది మీ డాక్టర్‌నే అడగాలె.

మనకు తెలిసిన మాటల చెప్పాలంటే, వేలు గుచ్చి చూసేది ఆ రోజు చేతిల ఉన్న నగదు. ఏ1సీ అంటే ఆడిట్. రేపు దవాఖానకు పోవాలని రెండు రోజులు అన్నం తగ్గించి పోతే చేతిల నగదు మంచిగ కనబడతది. ఆడిట్ల దొరికిపోతం. నేను అట్లనే దొరికిన.

ఇగ తిండి ముచ్చట. షుగర్ వచ్చిందంటే అన్నం బంద్, జన్మంత కాకరకాయ రసమే అని భయపెడతరు. అట్ల కాదు. అసలు కత మనం ఎప్పుడు తింటం, ఏం మిగిలితే తింటం అనే దాంట్ల ఉంది. ఇంట్ల అందరూ తిన్నంక మనం కూసుంటం. అప్పటికి కూర గిన్నె అడుగంటి ఉంటది. అన్నం మిగులుతది, పారేయబుద్ధి కాదు. ఇంత పచ్చడేసుకొని, ఇంత చారు పోసుకొని కంచం నిండ అన్నం తింటం. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి దిక్కు నుంచి సిటీకి రోజూ టమాటలు, క్యారెట్, ఆకుకూరలు బండ్లకు బండ్లు పోతయ్. పండించే మన కంచంల మాత్రం కూర ఒక్క గంటెడు. ఇది మార్చుకోవాలె.

నేను చేసింది చెప్త. పొయ్యి మీది నుంచి కూర దించంగనే నా పాలు ఒక గిన్నెల తీసి పక్కన పెడుతున్న. మొదట్ల సిగ్గనిపించింది. మా అత్తమ్మనే, "తియ్యి బిడ్డా, ముందుగాల నీది తియ్యి" అన్నది. కంచంల సగం కూర, ఆకుకూర, కీర ముక్కలు. పావు వంతు పప్పు గానీ గుడ్డు గానీ శనగలు గానీ. మిగిలిన పావు వంతు అన్నం లేకపోతే రొట్టె. ముందుగాల కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే తిన్నంక షుగర్ ఒక్కసారే పైకి లేవదు. ఇది నా మిషన్ల నేనే చూసిన.

మనకిప్పుడు రేషన్ల 2025 ఉగాది నుంచి సన్న బియ్యం ఇస్తున్నరు, మనిషికి 6 కిలోలు. 30 రోజులకు పంచితే రోజుకు 200 గ్రాములు. మీ ఇంట్ల ఒక్కొక్కరికి ఎంత వండుతున్నరో ఒక్కరోజు కొలిచి చూడండి. దొడ్డు బియ్యమైనా సన్న బియ్యమైనా పాలిష్ పట్టిందైతే షుగర్‌కు పెద్ద తేడా లేదు. సన్నది మెత్తగుంటది కాబట్టి రెండు ముద్దలు ఎక్కువే పోతయ్, అంతే.

జొన్నలు, కొర్రలు, తైదలు మంచివే. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రపంచమంత జరుపుకున్నరు. చిరుధాన్యాల పరిశోధన సంస్థ మనకు దగ్గర్ల రాజేంద్రనగర్‌లనే ఉంది. కాని అక్కా, జొన్న రొట్టె మందు కాదు, అది కూడా తిండే. ఐదు రొట్టెలు తింటే షుగర్ పెరుగుతది. తైద పిండి మెత్తగ జావ కాచి పెద్ద చెంబు తాగితే తొందరగ ఎక్కుతది. అదే పిండి రొట్టె చేసుకొని కూరతోని నమిలి తింటే కొంచెం మెల్లగ ఎక్కుతది. బెల్లం మంచిదని చక్కెర బదులు బెల్లం వేసుకునేటోళ్లున్నరు. షుగర్‌కు చక్కెరైనా, బెల్లమైనా, తేనైనా ఒక్కటే. చాయ్ లెక్క చూడండి. రోజుకు నాలుగు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాలు అంటే ఎనిమిది చెంచాలు, 40 గ్రాములు. నెలకు దగ్గర దగ్గర కిలోంబావు చక్కెర ఒక్క మనిషి తాగుతున్నట్టు. నేను నెలకు అర చెంచా తగ్గించుకుంట వచ్చిన. ఇప్పుడు చక్కెర లేని చాయే నోటికి పట్టింది.

బతుకమ్మకు మలీద ముద్ద తినొద్దా అని మొన్న ఒక పెద్దమ్మ అడిగింది. తిను పెద్దమ్మా, అందరితోని ఒక చిన్న ముద్ద తిను. ఆ పూట అన్నం తగ్గించు, బతుకమ్మ ఆట ఇంకొంచెం సేపు ఆడు. ఆట కూడా మందే. ఒకప్పుడు మనం నాట్లు వేసేది, కలుపు తీసేది, కూరగాయలు తెంపేది. ఇప్పుడు మన దిక్కు భూములు వెంచర్లయినయ్. శానా మందిమి సిటీ దిక్కు ఇండ్లల్ల పనికి ఆటోల పోతున్నం, కొందరం మిషను కుడుతున్నం, కొందరం దుకాణంల కూసుంటున్నం. కంచంల అన్నం మాత్రం నాట్లేసిన కాలం నాటిదే ఉంది. అన్నం తినంగనే ఒరగకుండ పది పదిహేను నిమిషాలు వాకిట్లనైనా తిరగండి. వారానికి 150 నిమిషాలు గట్టిగ నడవాలంటరు డాక్టర్లు. అంటే రోజుకు అరగంట, ఐదు రోజులు.

మందుల సంగతి. గోలీలు మొదలుపెడితే జన్మంత వేసుకోవాలె, కిడ్నీలు పాడైతయ్ అని చెప్పేటోళ్లు ఊరికి నలుగురు ఉంటరు. శానా మందిమి వేసుకునే మెట్‌ఫార్మిన్‌ను 1957 నుంచి షుగర్‌కు వాడుతున్నరు. కిడ్నీలను పాడుచేసేది ముఖ్యంగ అదుపుల లేని షుగర్, బీపీ. నడుం నొప్పికి, మోకాళ్ల నొప్పికి మనం షాపుల అడిగి కొనుక్కొని మింగే నొప్పి గోలీలు కూడా కిడ్నీలను దెబ్బతీస్తయ్. వాటికి భయపడం, షుగర్ గోలీకి భయపడతం.

సూది అంటే ఇంక ఆఖరు రోజులు వచ్చినయ్ అనుకుంటం. 1922 కంటే ముందు ఈ ఇన్సులిన్ సూది లేదు. షుగర్ వచ్చిన చిన్న పిల్లలు కొన్నాళ్లకే ఎండిపోయి చచ్చిపోయేటోళ్లు. 1922 జనవరిలో కెనడాలోని టొరొంటోలో 14 ఏండ్ల పిల్లగానికి మొట్టమొదట ఆ సూది వేసిన్రు. ఆ పిల్లగాడు ఇంకా పదమూడేండ్లు బతికిండు. అది చావు సూది కాదు అక్కా, బతికించే సూది. డాక్టర్ రాస్తే వేసుకోండి.

ఒక్కపొద్దు ఉండేటోళ్లు, రంజాన్ల రోజా ఉండే మన అక్కలు జర జాగ్రత్త. కొన్ని రకాల గోలీలు, ఇన్సులిన్ వేసుకొని తినకపోతే షుగర్ పడిపోతది. చెమటలు పడతయ్, చేతులు వణుకుతయ్, కండ్లు తిరుగుతయ్, మాట తడబడతది. 70 కంటే తక్కువైతే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగాలె. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలె, తగ్గకుంటే మళ్లీ తాగాలె, తర్వాత ఏదన్న తినాలె. మనిషికి తెలివి లేకపోతే నోట్ల ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యాలె. ఒక్కపొద్దు ఉండేముందు గోలీ ఎట్ల వేసుకోవాలో డాక్టర్‌ను అడగండి. మీకు మీరే మానెయ్యొద్దు.

ఇప్పుడు మా అత్తమ్మ సంగతి చెప్త. ఆమెనే చెప్పుమన్నది. ఆమెకు షుగర్ పాతదే. బోనాలకు చెప్పుల్లేకుండ నడిచింది. కాలి వేలు కింద ఏదో గుచ్చుకుంది. నొప్పి లేదు కాబట్టి చూసుకోలేదు. షుగర్ పాతదైతే కాళ్లకు స్పర్శ తగ్గుతది, నొప్పి తెల్వదు. వాసన వచ్చినంక చూసినం. పసుపు పెట్టినం, ఆకు పసరు కట్టినం. పదిహేను రోజులు అట్లనే పోయినయ్. ఆఖరుకు రెండు వేళ్లు తీసేసిన్రు. ఆ పదిహేను రోజుల్ల మొదటి రోజే పోయి ఉంటే వేళ్లు ఉండేవేమో. ఆమె ఇప్పుడు ఎవరు ఇంటికొచ్చినా ముందుగాల వాళ్ల కాళ్ల దిక్కు చూస్తది.

అందుకని రోజూ మాపటికి కాళ్లు కడుక్కున్నంక పాదాల అడుగు చూసుకోండి. వంగరాకపోతే అద్దం కింద పెట్టి చూసుకోండి, లేకుంటే మనవరాలిని చూడుమనండి. వేళ్ల సందులు తుడుచుకోండి. మట్టెల కింద రాసుకొని పుండు పడుతదేమో చూడండి. వేడినీళ్లల్ల కాళ్లు పెట్టొద్దు, బ్లేడుతోని ఆనెలు కొయ్యొద్దు. ఇంట్ల కూడా చెప్పులు వేసుకోండి.

కండ్లు కూడా అంతే. కంటి వెలుగుల మనకు అద్దాలిచ్చిన్రు, మంచిదే. కాని షుగర్ ఉన్నోళ్లకు అది సరిపోదు. కంట్ల మందు చుక్కలు వేసి లోపలి నరాలు చూసే పరీక్ష ఏడాదికి ఒక్కసారి చేయించాలె. మెహదీపట్నం సరోజినీదేవి కంటి దవాఖాన మనకు దూరం కాదు. చూపు మంచిగనే ఉందని ఆగొద్దు, లోపల పాడయ్యేదాక చూపుకు తెల్వదు. కిడ్నీ కోసం ఏడాదికోసారి మూత్రం, రక్తం పరీక్ష. బీపీ ఎప్పుడు దవాఖానకు పోయినా చూపించుకోవాలె.

ఇప్పుడు నేను అసలు చెప్పదల్చుకున్న ముచ్చట. మూడు నెలల పరీక్ష 10.4 వచ్చిన తర్వాతి మీటింగ్ల, పొదుపు లెక్కలు అయినంక, "నాకు షుగర్ ఉంది" అని చెప్పేసిన. కొంచెం సేపు ఎవ్వరూ మాట్లాడలేదు. తర్వాత మా వదిన అన్నది, "నాక్కూడా ఉంది." ఇంకో ఇద్దరు చెప్పిన్రు. ఒకామె భర్త గోలీలే సగం విరిచి తను వేసుకుంటున్నదట, తనకు వేరే చీటీ రాయించుకునుడు దండుగ ఖర్చని. ఒక్క గదిల ఇన్నేండ్లు పక్కపక్కన కూసున్నం, ఎవరి అప్పు ఎంతో పైసలతో సహా తెలుసు, ఎవరి రోగం ఎవరికీ తెల్వదు. మన దేశంల 10 కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023ల చెప్పింది. అంతమందికి ఉన్న దాన్ని మనం ఒక్కొక్కరం ఒంటరిగ దాచుకుంటున్నం.

మన సంఘాలు పంచసూత్రాల మీద నిలబడ్డయ్. మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, కిస్తీ, పుస్తకాలు. తర్వాత దశసూత్రాలయినయ్. అందుల ఆరోది ఆరోగ్యం. మీటింగ్ల మొదటి ఐదు నడుస్తయ్, ఆరోది వచ్చేసరికి చాప చుడతం. మా సంఘంలో ఆరోది మొదలుపెట్టినం. మిగిలిన సంఘాలు కూడా పెట్టాలని ఈ మహాసభను కోరుతున్న.

ఒకటి, నెలకు ఒక్క మీటింగ్ల అందరినీ రెండే ప్రశ్నలు అడగాలె. పరీక్ష అయిందా? గోలీలు ఉన్నయా? నంబరు చెప్పుమని బలవంతం చెయ్యొద్దు. ఎవరికి వారు సొంత నోటుబుక్కుల రాసుకోవాలె.

రెండు, ఇంకా పరీక్షే చేయించుకోనోళ్లను, ముప్పై దాటినోళ్లను, కాన్పులప్పుడు షుగర్ వచ్చినోళ్లను జతగ పీహెచ్‌సీకి తోలుకపోవాలె. ఒక్కదానికి సిగ్గు, ఐదుగురు కలిసి పోతే అది సంఘం పని.

మూడు, సంఘానికి ఒక మిషను కొనుక్కోవచ్చు. కాని గుచ్చే సూది మాత్రం ఎవరిది వారిదే, ఒకసారి వాడింది మళ్లీ వాడొద్దు. సూది పంచుకుంటే వేరే రోగాలు అంటుకుంటయ్. వాడిన సూదులు గట్టి డబ్బల వేసి ఏఎన్ఎం అక్కకు ఇయ్యాలె.

నాలుగు, పరీక్షలకు, కంటి దవాఖానకు పోవడానికి అంతర్గత అప్పు ఇయ్యాలె. పెండ్లికి ఇస్తున్నం, బర్రెకు ఇస్తున్నం, కాలి వేలికి ఎందుకు ఇయ్యొద్దు?

ఐదోది అన్నింటికంటే ముఖ్యం. షుగర్ ఉందని ఏ సభ్యురాలికీ లోను ఆపొద్దు. ఆ మాట తీర్మానం పుస్తకంల రాసి సంతకాలు పెట్టాలె. ఈ భయం పోతేనే నోర్లు తెరుచుకుంటయ్. చూసుకోని మనిషే పడిపోతది, చూసుకునే మనిషి కిస్తీ కడతది.

నా ఆడిట్ చెప్పి ముగిస్త. 10.4 నుంచి 8.6, ఇప్పుడు 7.2. ఇంకా తగ్గాలె. గోలీలు పీహెచ్‌సీ లైన్లనే నిలబడి తెచ్చుకుంటున్న. మా చెల్లె పెండ్లి అయింది, షుగర్ సంగతి ముందుగాల్నే చెప్పి చేసినం. సంబంధం ఎటూ పోలేదు. మా బిడ్డకు ఇప్పుడు పదకొండేండ్లు. నేను కూర ముందు తీసి పెట్టుకునుడు మరిచిపోతే ఆమెనే గిన్నె తెచ్చి నా ముందు పెడుతున్నది.

ఇయ్యాల పగటీలి భోజనాలు ఉన్నయ్. మన అలవాటు ప్రకారం మనమే వడ్డిస్తం, ఆఖరుకు తింటం. ఇయ్యాల ఒక్కరోజు అట్ల చెయ్యకండి. గోలీ టైం ఉన్నోళ్లు ముందుగాల కూసోండి. కూర అడిగి ఇంకో గంటెడు వేయించుకోండి.